కొత్త ఆన్‌లైన్ గేమ్: మొదటి బంతిలో కూర్చోవాలా, మూడో బంతి దాకా ఆగాలా?

మా మేనల్లుడు విజయవాడలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. రాత్రి పదకొండు దాటాక వాడి నుంచి ఫోను వచ్చిందంటే విషయం చదువు కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. 2025 నవంబరు 14న అలాగే వచ్చింది. "పెద్ద మామయ్యా, వేర్ విండ్స్ మీట్ అనే గేమ్ అన్ని దేశాలకూ విడుదలైంది. ఉచితమే. చిన్న మామయ్యకు కూడా చెప్పాను. ముగ్గురం కలిసి మొదలుపెడదాం" అన్నాడు.

చిన్న మామయ్య అంటే డల్లాస్‌లో ఉంటున్న మా తమ్ముడు. వాడు అవునని అనలేదు, కాదని అనలేదు. "విడుదలైన రోజే గేమ్‌లోకి దిగడమంటే పెళ్లింట్లో మొదటి బంతిలో కూర్చోవడమే అన్నయ్యా. అన్నీ వేడివేడిగా ఉంటాయి. ఉప్పు సరిపోయిందో లేదో చూసినవాడు మాత్రం ఇంకా ఎవడూ ఉండడు" అన్నాడు.

ఆ తరువాత వారం రోజులు ముగ్గురం వాదించుకున్నాం. నేను ఇలాంటి గేమ్‌లు మొదలుపెట్టడం, మానేయడం, సిగ్గు లేకుండా మళ్లీ మొదలుపెట్టడం పదిహేనేళ్లుగా జరుగుతున్న పనే. కాబట్టి తీర్పు చెప్పే బాధ్యత నా మీద పడింది. ఆ తీర్పు చివర్లో చెబుతాను. దానికంటే అక్కడికి చేరిన దారి మీకు ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే రేపు ఇంకో గేమ్ వస్తుంది, మీ ఇంట్లోనూ ఒక మేనల్లుడు ఉంటాడు.

మొదట ఒక మాట. ఒక్కడే ఆడుకునే గేమ్ కొనేటప్పుడు అది బాగుందా లేదా అని చూస్తే చాలు. ఎంతోమంది ఒకే లోకంలో తలో పాత్రగా తిరిగే ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ ఊరికి కాపురం వెళ్లడం లాంటిది. ఇల్లు ఎంత బాగున్నా పక్కింట్లో ఎవరూ లేకపోతే నెల తిరగకుండా సామాన్లు సర్దుకుంటాం. అందుకే నేను వేసుకునే ప్రశ్న ఇది: మూడో నెలలో, నేను ఆడగలిగే వేళకు, నాతో ఆడటానికి ఎవరు మిగిలి ఉంటారు?

మొదటి ఆట సరదా

మేనల్లుడి వాదనను కొట్టిపారేయడానికి లేదు. కొత్త సినిమాకు మొదటి రోజు మొదటి ఆట చూసే జాతి మనది. ఆ ఈలల మధ్య చూసిన సినిమా, నెల తరువాత ఇంట్లో టీవీలో చూసిన సినిమా ఒకటి కాదని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గేమ్‌లోనూ అంతే. మొదటి వారంలో అందరూ ఒకటో లెవెల్‌లోనే ఉంటారు. గుహ దారి ఎటని చాట్‌లో అడిగితే, మీలాగే దారి తప్పినవాడు ఒకడు "నేనూ అదే వెతుకుతున్నాను, కలిసి వెళదాం రండి" అంటాడు. ఆ పరిచయాలు నిలుస్తాయి. ఆరు నెలలు పోయాక అదే ప్రశ్న అడిగితే వీడియో లింకు పడేసి వెళ్లిపోతారు. అప్పటికి ప్రతి రహస్యానికీ ఒక వీడియో, ప్రతి బాస్‌కూ, అంటే దారికి అడ్డొచ్చే పెద్ద శత్రువుకూ, ఒక పాఠం తయారై ఉంటాయి.

అయితే ఆ సరదాకు పెట్టాల్సిన ఖర్చులో మొదటిది గేమ్ లోపలికి వెళ్లడానికి నిలబడే క్యూ. క్యూ అంటే అరగంట అనుకోకండి. 2021 డిసెంబరులో ఫైనల్ ఫాంటసీ 14కు ఎండ్‌వాకర్ అనే కొత్త భాగం వచ్చినప్పుడు తాకిడి తట్టుకోలేక స్క్వేర్ ఎనిక్స్ తన గేమ్ అమ్మకాన్నే కొంతకాలం ఆపేసింది. అమ్మకానికి పెట్టిన సరుకును "ఇప్పుడు కొనకండి" అన్న దుకాణం నాకు తెలిసి అదొక్కటే. అదీ అప్పటికి ఎనిమిదేళ్లుగా నడుస్తున్న, అనుభవం పండిన గేమ్. నిన్నగాక మొన్న పుట్టినదాని సంగతి ఊహించుకోవచ్చు.

రెండోది అందరూ మరచిపోయేది: సర్వర్ (గేమ్ లోకాన్ని నడిపే కంపెనీ కంప్యూటర్) ఎంపిక. తొలి రోజు స్నేహితులు ఎంచుకున్న సర్వర్ నిండిపోతుంది, మీరు పక్కదానిలో పాత్రను తయారుచేసుకుంటారు, "తరువాత మారుదాంలే" అనుకుంటారు. మారే సౌకర్యం వచ్చేసరికి వారాలు గడుస్తాయి. ఈలోగా మీరు ఇరవయ్యో లెవెల్, వాళ్లు నలభయ్యో లెవెల్. ముగ్గురు కలిసి ఆడటానికి మొదలుపెట్టిన గేమ్‌ను ముగ్గురూ విడివిడిగా ఆడుతుంటారు.

డబ్బు పెట్టి కొన్న గేమ్ అయితే ఇంకో చిక్కు ఉంది. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే సాధారణంగా డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ రెండు గంటల గడియారానికి మీరు ఆడుతున్నారా, వరుసలో నిలబడ్డారా అనే తేడా తెలియదు. గేమ్ తెరిచి ఉంటే అది తిరుగుతూనే ఉంటుంది. తొలి రోజు క్యూలో కూర్చుని పుల్లట్లు వేసుకుని తిని వచ్చేసరికి వెనక్కి తీసుకునే హక్కు కాస్తా కరిగిపోతుంది.

తిరునాళ్ల అయ్యాక మైదానం

2021 సెప్టెంబరు 28న అమెజాన్ న్యూ వరల్డ్‌ను విడుదల చేసినప్పుడు స్టీమ్‌లో ఒకే సమయంలో 9 లక్షల మందికి పైగా ఆడారు. ఆ సంఖ్య చూసినవాడెవడికైనా ఇది పదేళ్లు నడుస్తుందనిపిస్తుంది. రెండు నెలలు తిరగకుండానే వస్తువులు, బంగారం నకళ్లు పుట్టించే లోపాలు బయటపడి, ఆటగాళ్ల మధ్య మార్పిడిని కంపెనీ తాత్కాలికంగా ఆపాల్సి వచ్చింది. జనం పలచబడ్డారు. తరువాత గేమ్ చాలా మెరుగుపడింది కూడా. అయినా 2025 అక్టోబరులో ఇక కొత్త కంటెంట్ ఉండదని ప్రకటించారు. నాలుగేళ్లు.

అది పెద్ద కంపెనీ, పెద్ద పెట్టుబడి. 2014 జూన్‌లో నెలవారీ చందాతో మొదలైన వైల్డ్‌స్టార్ 2015లో ఉచితమైంది, 2018 నవంబరులో మూతపడింది. బందాయ్ నామ్కో వారి బ్లూ ప్రోటోకాల్ జపాన్‌లో 2023 జూన్‌లో మొదలై 2025 జనవరిలో ఆగిపోయింది. దాన్ని పశ్చిమ దేశాలకు తెస్తామని అమెజాన్ ప్రకటించి ఉంది. ఆ ఎదురుచూపుల్లో ఉన్నవాళ్లకు గేమ్ పుట్టకముందే పోయింది.

మూతపడటం అనే మాట అంకెల్లో చదివితే తగలదు. నా సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక గేమ్ విడుదలకు ముందే, పేరు చెప్పను, వ్యవస్థాపక సభ్యుల ప్యాకేజీ కొన్నాను. మూడు వేల రూపాయల పైమాటే. ఎర్రని దుప్పటి కప్పిన గుర్రం ఒకటి ఇచ్చారు. మా గిల్డ్‌లో, అంటే కలిసి ఆడే జట్టులో, నలభై ఆరుగురం. మూడో నెలలో పండక్కి ఊరెళ్లి వచ్చి గిల్డ్ జాబితా తెరిచాను. ప్రతి పేరు పక్కన చివరిసారి ఎప్పుడు వచ్చారో ఉంటుంది. 11 రోజుల క్రితం. 19 రోజుల క్రితం. 27 రోజుల క్రితం. కిందకు జరుపుతూ పోయాను, ఆకుపచ్చ చుక్క ఒక్కటే కనిపించింది. అది నాదే. ఎర్ర దుప్పటి గుర్రం మీద కోట చుట్టూ ఒక చుట్టు తిరిగి బయటకొచ్చేశాను. ఆ గేమ్ ఆ తరువాత ఏడాదికి పైగా నడిచింది. నాకు మాత్రం ఆ రోజే మూతపడింది.

కొన్ని గేమ్‌లు మళ్లీ పుడతాయి కదా అని మేనల్లుడు అడ్డు తగిలాడు. నిజమే, వాడు చెప్పే ఉదాహరణ గొప్పది. ఫైనల్ ఫాంటసీ 14 మొదట 2010 సెప్టెంబరులో వచ్చి ఘోరంగా విఫలమైంది. ఆ ఏడాది చివర్లో నావోకి యోషిదాకు పగ్గాలు ఇచ్చారు. ఆయన పాతదాన్ని నడుపుతూనే పక్కన కొత్తది కట్టించారు. 2012 నవంబరులో పాత సర్వర్లు మూసేటప్పుడు ఆకాశంలోని చంద్రుడు ఒకటి కూలి లోకమంతా నాశనమైనట్టు కథలోనే చూపించి, 2013 ఆగస్టులో కొత్త గేమ్‌గా తిరిగి తెరిచారు. ఈ కథ నాకూ ఇష్టమే. కానీ పునర్జన్మ మీద ఆశతో ఎవరూ సంబంధం కుదుర్చుకోరు. పైగా ఆ కథలో లాభపడింది 2013లో వచ్చి చేరినవాళ్లు, అంటే ఆగినవాళ్లే.

ఆగినవాళ్లకు ధరలోనూ లాభమే. స్టార్ వార్స్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2011 డిసెంబరులో నెలవారీ చందాతో వచ్చింది, ఏడాది తిరగకుండానే 2012 నవంబరులో ఉచిత మార్గం తెరిచింది. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ 2014 ఏప్రిల్‌లో చందాతో వచ్చి 2015 మార్చిలో తప్పనిసరి చందా ఎత్తేసింది. చందా గేమ్ కొత్తగా వస్తే ఏడాది ఆగడం నష్టం కాదని ఈ రెండూ చూశాక నాకు అర్థమైంది.

మనకు కొత్త, ఇంకెక్కడో పాత

వాదనలో తమ్ముడికి దెబ్బ తగిలింది ఇక్కడే. వేర్ విండ్స్ మీట్ మనకు కొత్త. చైనాలో అది 2024 డిసెంబరు 27నే మొదలైంది. నెట్‌ఈజ్ కంపెనీకి చెందిన ఎవర్‌స్టోన్ స్టూడియో తయారీ. అంటే ఉప్పు చూసినవాళ్లు ఉన్నారు, దాదాపు ఏడాదిగా తింటున్నారు కూడా. కాబట్టి ఇది నిజానికి మొదటి బంతి కాదు.

ఇలా ఒక దేశంలో ముందుగా నడిచిన గేమ్ వస్తే మీ పని సగం తేలిక. లాస్ట్ ఆర్క్ కొరియాలో 2018లో మొదలై మిగతా దేశాలకు 2022 ఫిబ్రవరిలో వచ్చింది. తొలి వారాంతంలోనే స్టీమ్‌లో 13 లక్షల మంది ఒకేసారి ఆడారు. కొద్ది వారాల్లో చాలామందికి అసలు సంగతి తెలిసింది: కవచాన్ని పైస్థాయికి తీసుకెళ్లే ప్రతి ప్రయత్నమూ విఫలం కావచ్చు, విఫలమైతే పోసిన సామగ్రి పోయినట్టే. ఇది రహస్యమేమీ కాదు. కొరియాలో మూడేళ్లుగా అందరూ ఎరిగినదే. ఇక్కడివాళ్లు అడగలేదు, అంతే. థ్రోన్ అండ్ లిబర్టీ కూడా కొరియాలో 2023 డిసెంబరులో మొదలై, మిగతా చోట్లకు 2024 అక్టోబరులో వచ్చింది. అక్కడ ఆటగాళ్లు దేనికి విసుక్కున్నారో ముందు చదివితే ఇక్కడ ఏం జరుగుతుందో సగం తెలిసిపోతుంది.

అడగాల్సినవి మూడు. అక్కడ గరిష్ఠ లెవెల్‌కు చేరినవాళ్లు రోజూ ఏం చేస్తున్నారు? డబ్బు పెట్టినవాడికీ పెట్టనివాడికీ తేడా ఎంత? ఒక వారం రాకపోతే ఏం కోల్పోతారు? మొదటి ముప్పై గంటల గురించి పొగిడే సమీక్షలు ఎన్ని చదివినా ఈ మూడింటికి జవాబు దొరకదు. అన్ని గేమ్‌లూ మొదటి ముప్పై గంటలు బాగానే ఉంటాయి. అందంగా వడ్డించేది అప్పుడే.

వేర్ విండ్స్ మీట్ విషయంలో నన్ను మెత్తబరిచింది మరొకటి. అది కథను ఒంటరిగా ఆడుకోవడానికి వీలున్న గేమ్. కావాలంటే నలుగురు కలిసి ఆడవచ్చు, గిల్డులు ఉన్నాయి, అందరూ తిరిగే ఉమ్మడి లోకం ఉంది. ఎవరూ లేకపోయినా కథ ఆగదు. పదో శతాబ్దపు చైనాలో, రాజవంశాలు వరసగా కూలుతున్న కాలంలో, ఒక కత్తి వీరుడు ఇళ్ల పైకప్పుల మీదుగా గాలిలో తేలుతూ పోతుంటాడు. మన జానపద సినిమాల మీద పెరిగినవాడికి కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. వైద్యుడి వృత్తి పట్టి ఇతర ఆటగాళ్ల జబ్బులు నయం చేయవచ్చు. డబ్బు పెట్టి కొనేది ఎక్కువగా వేషధారణ సామగ్రి. అంటే మూడో నెలలో జనం వెళ్లిపోయినా చేతిలో ఒక పూర్తి గేమ్ మిగులుతుంది. ఇలాంటివాటికి నా మూడు నెలల నియమం అంత గట్టిగా వర్తించదు. (అదే పదో శతాబ్దంలో మన వేంగిలో తూర్పు చాళుక్యుల అన్నదమ్ములు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. దాని మీద ఎవరైనా గేమ్ తీస్తే మొదటి బంతిలోనే కూర్చుంటాను, ఉప్పు లేకపోయినా సరే.)

హైదరాబాద్ నుంచి సర్వర్ ఎంత దూరం

విదేశీ సమీక్షల్లో ఈ సంగతి ఉండదు, మనకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం ఇదే. హైదరాబాద్ నుంచి డల్లాస్ దాదాపు 14,000 కిలోమీటర్లు. ఇంటర్నెట్‌ను మోసే గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్లి రావడానికి, తీగ తిన్నగా వేసినా, 140 మిల్లీసెకన్లు పడుతుంది. తీగ ఎక్కడా తిన్నగా ఉండదు కాబట్టి అమెరికా సర్వర్‌లో మన పింగ్, అంటే ఈ వెళ్లి వచ్చే సమయం, 200 మిల్లీసెకన్లు దాటుతుంది. ఎంత ఖరీదైన ఇంటర్నెట్ పెట్టించుకున్నా ఇది తగ్గదు, ఇది భూగోళం తెచ్చిన ఇబ్బంది. సింగపూర్ 3,300 కిలోమీటర్లే. అక్కడ సర్వర్ ఉంటే మన రాత మారిపోతుంది.

కాబట్టి కొత్త గేమ్ ప్రకటన వచ్చిన వెంటనే బొమ్మలు చూడకండి, సర్వర్లు ఏయే ఊళ్లలో ఉన్నాయో చూడండి. తరువాత ఆ గేమ్ పోరాటం ఎలాంటిదో చూడండి. దెబ్బ పడే క్షణంలో మీట నొక్కి తప్పించుకోవాల్సిన గేమ్ అయితే 200 పింగ్‌లో రోజూ చస్తారు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో లోకమంతా 0.6 సెకన్లకు ఒక అడుగు చొప్పున కదులుతుంది. మీ నొక్కు 0.2 సెకను ఆలస్యంగా చేరినా చాలాసార్లు అదే అడుగులో కలిసిపోతుంది. ఫైనల్ ఫాంటసీ 14లో మామూలుగా ఒక ప్రధాన దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య 2.5 సెకన్ల విరామం. దూరం నుంచి ఆడేవాడికి ఇవి దయగల గేమ్‌లు.

దూరం తరువాత వేళ. మాకు రాత్రి తొమ్మిదైతే శీతాకాలంలో డల్లాస్‌లో ఉదయం తొమ్మిదిన్నర. తమ్ముడు ఆఫీసులో ఉంటాడు. ఇద్దరికీ కుదిరేది ఆదివారం ఉదయం ఆరు, వాడికి శనివారం సాయంత్రం ఆరున్నర. వారానికి రెండు గంటలు. ఈ రెండు గంటల కొలబద్ద పెట్టగానే చాలా గేమ్‌లు తమంతట తామే జాబితాలోంచి వెళ్లిపోయాయి. రోజూ నలభై నిమిషాల దినచర్య అడిగే గేమ్‌కు నెలకు ఇరవై గంటలు అర్పించాలి. చేయకపోతే వెనకబడతాం, చేస్తే అది మరో ఉద్యోగం.

డబ్బు

మా అక్క, అంటే మేనల్లుడి తల్లి, మధ్యలో ఫోను లాక్కుని అడిగింది: "అవన్నీ ప్రభుత్వం నిషేధించింది కదరా?" 2025 ఆగస్టులో వచ్చిన చట్టం నిషేధించింది డబ్బు ఒడ్డి డబ్బు గెలుచుకునే ఆటలను. చందా కట్టి ఆడేవి, వేషం కొనుక్కునేవి ఆ కోవలోకి రావు. అయితే అక్క భయం పూర్తిగా తప్పూ కాదు. ఉచిత గేమ్‌లో జేబు ఖాళీ అయ్యే దారి వేరే ఉంది, డబ్బు పెట్టి తెరిచేదాకా లోపల ఏముందో తెలియని లాటరీ పెట్టె. ఒక వస్తువు వచ్చే అవకాశం నూటికి ఒకటి అని రాసి ఉంటే, వంద సార్లు తెరిస్తే తప్పక వస్తుందని మనసు అనుకుంటుంది. లెక్క వేస్తే వంద సార్లు తెరిచినవాళ్లలో వందకు 63 మందికే వస్తుంది, 37 మంది ఉత్త చేతులతో ఉంటారు. ఇన్ని సార్లకు కచ్చితంగా ఇస్తాం అనే హామీ ఉన్న గేమ్‌లో ఆ సంఖ్యను ఒక్కసారి తెరిచే ఖర్చుతో హెచ్చించండి. ఆ వస్తువు అసలు ధర అది. ఆ అంకె కాగితం మీద రాసి మేనల్లుడికి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు.

నెలవారీ చందా గేమ్‌లలో ఈ మాయ తక్కువ, ఖర్చు ముందే తెలుస్తుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అమెరికాలో నెలకు దాదాపు 15 డాలర్లు. మన కార్డుల నుంచి విదేశీ కంపెనీకి నెలనెలా తనంతట తానే డబ్బు వెళ్లే ఏర్పాటు మాత్రం 2021 అక్టోబరులో రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు అమల్లోకి వచ్చాక చాలా చోట్ల మొరాయించింది. మొదటి నెల కట్టేముందే రెండో నెల ఎలా కడతారో చూసుకోండి.

పాత ఇళ్లు

ఇక పాతవాటి సంగతి. వీటికి ఉన్న గొప్ప సుగుణం, ఇవి చావవలసిన వయసులో చావలేదు.

ఫైనల్ ఫాంటసీ 14 ఉచిత ప్రయత్నం 70వ లెవెల్ దాకా, కాలపరిమితి లేకుండా ఉంటుంది. మొదటి రెండు విస్తరణ భాగాలు కూడా అందులోనే. వందల గంటల కథ. ఆటగాళ్లు వస్తువులు అమ్ముకునే సంతను వాడటం వంటి కొన్ని సౌకర్యాలు ఉండవు. ఒక్కసారి కొన్నారంటే ఆ ఖాతాతో ఉచితానికి తిరిగి రాలేరు, కాబట్టి తొందరపడి కొనవద్దు. కథ ఇష్టమైనవాడికి ఇంతకంటే మంచి బేరం ఎక్కడా లేదు. చదవడం విసుగైనవాడు మాత్రం దీని జోలికి పోవద్దు. మొదటి యాభై గంటల్లో ఊరి పెద్దలకు ఉత్తరాలు అందజేసే పనులే బోలెడు.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ ఇంకో రకం. ఆటగాళ్లు పాతదే బాగుందని గోల పెడితే, 2007 ఆగస్టు నాటి ప్రతిని వెతికి తీసి, ఓటింగ్ పెట్టి 2013లో మళ్లీ తెరిచారు. ఇప్పటికీ పెద్ద మార్పు ఏదైనా ఆటగాళ్ల ఓటుకు పెడతారు. ఫోనులోనూ ఆడవచ్చు. చూడటానికి మట్టి బొమ్మల్లా ఉంటుంది. మేనల్లుడు స్క్రీన్ చూసి "ఇది లోడ్ అవుతోందా మామయ్యా?" అని అడిగాడు. లోడ్ అయ్యే ఉంది.

గిల్డ్ వార్స్ 2 మీద నాకు పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను. 2012 ఆగస్టులో వచ్చింది. చందా లేదు, మొదటి భాగం 2015 నుంచి ఉచితం. గరిష్ఠ లెవెల్ అప్పుడూ 80, ఇప్పుడూ 80. పదేళ్ల కిందట కష్టపడి సంపాదించిన అత్యున్నత కవచం ఇవాళ్టికీ పనికొస్తుంది. ఆరు నెలలు మానేసి తిరిగొస్తే ఇల్లు తాళం వేసిన చోటే ఉంటుంది. పైగా 80వ లెవెల్ వాడు పదో లెవెల్ ప్రాంతానికి వెళితే వాడి బలం ఆ స్థాయికి దిగిపోతుంది, కాబట్టి పాతకాపు, కొత్తవాడు కలిసి ఆడవచ్చు. లోపం, మనకు అందే సర్వర్లు ఉత్తర అమెరికాలో, ఐరోపాలో మాత్రమే. పింగ్ మనల్ని కొంచెం ఏడిపిస్తుంది. వారానికి రెండు గంటలు ఆడే ముప్పై అయిదు దాటినవాళ్లకు నేను చెప్పే మొదటి పేరు మాత్రం ఇదే.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గురించి ఎక్కువ చెప్పను. 20వ లెవెల్ దాకా ఉచితంగా చూడవచ్చు. మీకు తెలిసినవాళ్లు అందులో ఉంటే వెళ్లండి, లేకపోతే ఒంటరిగా మొదలుపెట్టే చోటు కాదది.

మా తీర్పు

కొత్త గేమ్‌లోకి మొదటి రోజే దిగవలసినవాళ్లు ఉన్నారు: సెలవులు ఉన్నవాళ్లు, నలుగురైదుగురు స్నేహితులు ఒకే గదిలో ఉన్నవాళ్లు, మూడు నెలల తరువాత గేమ్ పోయినా "బాగా ఆడాం" అనుకోగలిగినవాళ్లు. హాస్టల్ గదిలో ఉన్న మా మేనల్లుడు అచ్చంగా ఆ రకం. ఉచితం, ఒంటరిగానూ ఆడవచ్చు, అప్పటికే ఒక దేశంలో నడిచింది. వాడిని ఆపడానికి నాకు కారణం కనిపించలేదు. రెండు షరతులు పెట్టాను. మొదటి నెల రూపాయి కూడా పెట్టకూడదు. వంద జీబీ డౌన్‌లోడ్ హాస్టల్ వైఫైలో రాత్రి రెండింటికి పెట్టుకోవాలి, పరీక్షలకు చదువుకునేవాళ్ల ఉసురు పోసుకోకూడదు.

మా అన్నదమ్ములం ఆగాం. ఆదివారం ఉదయం దొరికే ఆ రెండు గంటల కోసం గిల్డ్ వార్స్ 2 ఖాయం చేసుకున్నాం, మేనల్లుడు కూడా అందులో ఉచిత ఖాతా తెరిచాడు. ఫిబ్రవరి దాటాక కొత్తదాని సంగతి మళ్లీ చూస్తాం. అప్పటికి వాడు అందులో ఉంటే వెళతాం, వాడే విసిగి మానేసి ఉంటే మా జవాబు మాకు దొరికినట్టే.

మొదటి ఆదివారం ఆరు గంటలకు నేను కాఫీ కప్పుతో కూర్చున్నాను. డల్లాస్‌లో తమ్ముడు రాత్రి భోజనానికి బియ్యం కడిగి కుక్కర్ పెట్టి వచ్చాడు, హెడ్‌ఫోన్‌లో ఈల వినిపిస్తోంది. స్నేహితుల జాబితాలో మేనల్లుడి పేరు పక్కన చుక్క ఇంకా బూడిద రంగులోనే ఉంది. ఆరుంపావుకు ఫోను చేస్తే నిద్ర గొంతుతో ఎత్తాడు. తెల్లవారుజామున నాలుగు దాకా ఇళ్ల పైకప్పుల మీద ఎగురుతున్నాడట.